నాలుగు వేల మంది అవ్వలు

ఎల్ ఆల్తోలో గాలి పలచన.
గట్టిగా తన్నామా, బంతి మన మాట వినదు,
పక్క వీధిలో ఎవరి కుండో పగలగొట్టి గానీ ఆగదు.
అందుకని లింబర్ట్ గదిలో ఆడేవాళ్ళం,
టైర్ల కొట్టు వెనక,
గంటకొక బొలీవియానో.
చుట్టరికం కాబట్టి నాకు అప్పు.

అసలు ఆట ఎప్పటిదో.
డబ్బా మీద సంవత్సరం అరిగిపోయింది.
లోపల ఆటగాళ్ళందరిదీ ఒకటే ముఖం,
పదకొండు సార్లు ఇస్త్రీ చేసినట్టు.
లింబర్ట్ ఆ తలలు పీకేశాడు.
సాయంత్రం నాలుగింటికి టీవీలో వచ్చే జపాను బొమ్మల నుంచి
జుట్టు తెచ్చి నాటాడు:
నీలం జుట్టు, నారింజ జుట్టు,
ముళ్ళపంది కోపంలా నిక్కిన జుట్టు.
ముఖంలో సగం కళ్ళు.
ముక్కు మాత్రం ఒక్క చుక్క, అదీ దయ తలిస్తే.

ఓ రాత్రి ఏదో ఫైలు అటుదిటు చేశాడు.
మైదానమంతా గడ్డికి బదులు నీలం జుట్టు మొలిచింది.
ఇరవై ఇద్దరూ అందులో పేలల్లా పరిగెత్తారు.
నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాం.
ఆ ఎత్తులో నవ్వాలన్నా
ఊపిరి లెక్క చూసుకోవాలి.

ఆడవాళ్ళేరీ అన్నాను.
ఆటలో ఆడ ఎముకలు లేవన్నాడు.
"ఎముకలు కంపెనీ వాళ్ళు బిగించారు,
నేను తోలు మారుస్తానంతే."
వారం రోజులు తలుపు తీయలేదు.

తీసేసరికి ఒక జట్టు.
రెండేసి జడలు, గుండ్రటి టోపీలు, మడతల పావడాలు.
అవ్వ ఎవరిస్తా పడుచుగా ఉన్నప్పుడు
ఆదివారాలు ఆడిన జట్టు,
ముఖానికి సగం కళ్ళతో.
టోపీని జుట్టని ఆటకి నమ్మించాడు.
తలతో కొడితే
బంతి టోపీలో దూరి అవతల తేలేది.
పావడాని నమ్మించలేకపోయాడు.
ఆటకి తెలిసింది రెండు కాళ్ళే;
అడుగు వేస్తే గుడ్డ నడిమికి చీలేది,
నిలబడితే తనంతట తనే కుట్టుకునేది.

అవ్వ ఎండు బంగాళాదుంపలు తొక్క తీస్తూ చూసింది.
"కళ్ళేంట్రా, గుడ్లగూబల్లా?"
"జపాన్‌లో అంతే అవ్వా."
"మరి వాళ్ళ కళ్ళల్లో దుమ్ము పడదూ?"
కాసేపాగి,
"ఎడమ పక్క దానికియ్యి బంతి.
అది సెలీదోనియా. ఊరికే పరిగెడుతోంది, పాపం."
ఇంకాసేపాగి,
"నేనెక్కడ?"

జట్టులో ఇరవై మూడు చోట్లూ నిండిపోయాయి.
లింబర్ట్ నా వంక చూశాడు.
నేను తెర వంక చూశాను.

ఆటలో ప్రేక్షకులంటే మనుషులు కారు,
అరచేతంత బొమ్మ ఒకటి.
దాన్నే స్టేడియం చుట్టూ
గోడకి కాగితంలా అతికించుకుంటూ పోతారు.
ఆ బొమ్మలో గీశాడు అవ్వని,
శాలువాతో, ఒళ్ళో గిన్నెతో.
సెలీదోనియా గోల్ వేసింది.
నాలుగు వేల మంది అవ్వలు లేచారు.
నాలుగు వేల గిన్నెలు ఒక్కసారి గాల్లోకి.

గురువారం, ఆదివారం సంతలో
డిస్కు ఐదు బొలీవియానోలు.
నెల తిరక్కుండా ఎవడో
మొదటి తెర మీద లింబర్ట్ పేరు చెరిపి
తన పేరు రాసుకుని
మూడుకే అమ్మాడు.
లింబర్ట్ తిట్టాడు, రెండు రోజులు తిండి మానేశాడు,
తర్వాత కేబుల్ కారు మరమ్మతుల్లో కుదిరాడు.
ఇప్పుడు ఊరి నెత్తి మీద వేలాడుతూ బోల్టులు బిగిస్తుంటాడు.

నిరుడు లిమా వెళ్ళాను.
బస్సుల అడ్డా పక్క కొట్టులో
పదేళ్ళవాడొకడు అదే ఆట ఆడుతున్నాడు.
మొదటి తెర మీద ఇంకెవరిదో పేరు.
జట్లు కొత్తవి, జుట్లు కొత్తవి,
కళ్ళు ఇంకాస్త పెరిగాయి.
పావడా ఎవరో బాగుచేశారు. చీలడం లేదు.
ఎవరో గానీ, పనిమంతుడు.

గోల్ పడింది.
గిన్నెలు లేచాయి.

"ఆ ముసలావిడెవరు బాబూ?"

వాడు తెర మీంచి చూపు తిప్పలేదు.

"జనం," అన్నాడు.